సైకిల్ షాపు మూల

నగరపాలక రోడ్ల ఆఫీసు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎదురయ్యే గదిలో కూర్చునే ఆవిడని అందరూ ముందు మేడం అనీ, వెనక పది లక్షల మేడం అనీ పిలిచేవారు. ఆవిడ దగ్గర పది లక్షలు మూలుగుతున్నాయని కాదు. ఏ కూడలి పేరెత్తినా "పది లక్షల బళ్లకి ఎన్ని?" అనే మాటతోనే ఆవిడ నోరు తెరుచుకునేది. ఒక కూడలిలో ఏడాదికి ఇరవై ప్రమాదాలు జరిగాయి, ఇంకోదాంట్లో ఎనిమిదే, కాబట్టి మొదటిదే చెడ్డది అని ఎవరైనా నోరు జారితే అయిపోయినట్టే. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, మొదటి దాంట్లోంచి రోజుకి ఎన్ని బళ్లు వెళ్తాయో, రెండో దాంట్లోంచి ఎన్ని వెళ్తాయో చెప్పి, కాగితం మీద భాగించి చూపించేది. భాగహారం సగంలో ఉండగానే అడిగినవాళ్లు టీ తాగడానికి జారుకునేవారు.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆవిడ ఊళ్లోని నూట పన్నెండు కూడళ్లకీ ఇలా లెక్క కట్టింది. జరిగిన ప్రమాదాలని అక్కడ తిరిగిన బళ్లతో భాగించి, పది లక్షలతో హెచ్చవేస్తే వచ్చే అంకే ఆ కూడలి జాతకం. పెద్ద అంకె వచ్చిన కూడలికి పట్టికలో ఎర్ర సిరా పడేది. అలాంటి చోటికి గొడుగూ కెమెరా పట్టుకుని, టేపు తాతని వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లేది. టేపు తాత అంటే ఆఫీసులో కొలతల టేపు పట్టుకునే ఉద్యోగి. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది, మనవరాలు పుట్టి ఎనిమిదేళ్లయింది, కాబట్టి తాత అంటే ఆయనకి అభ్యంతరం లేదు. ఇద్దరూ కలిసి ఎర్ర సిరా పడ్డ కూడళ్లని జానెడు జానెడుగా కొలిచేవారు. సిరా పడని కూడళ్లకి మాత్రం వాళ్లే కాదు, ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ వెళ్లలేదు. ఏమీ జరగని చోట చూడటానికి ఏముంటుందని అందరి ధీమా.

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కూడలి మూల నుంచి పదిహేను మీటర్ల లోపల రోడ్డు మీద ఏ అడ్డు ఉన్నా తీసేయాలి. కింది సిబ్బంది ఫోటోలు తీసి ముప్పై ఒక్క అడ్డంకుల జాబితా తెచ్చి మేడం బల్ల మీద పెట్టారు. భోజనానికీ టీకీ మధ్య ఆవిడ ముప్పై ఒక్క సంతకాలూ పెట్టేసింది. ఒక్క ఫోటో మీదా కన్ను ఆగలేదు. వారం తిరక్కుండా లారీలు వెళ్లి బడ్డీలూ బల్లలూ బోర్డులూ ఎత్తుకొచ్చాయి. మేడం తిరిగి తన భాగహారాల్లో పడింది.

మూడు వారాల తర్వాత ఆవిడకి గ్రంథాలయం నుంచి ఫోన్ వచ్చింది.

"మీ అత్తగారికి ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని అడిగింది లైబ్రేరియన్. "ఆవిడ వచ్చి మూడు వారాలు దాటింది. పిల్లల లెక్కల పుస్తకాల్లో జవాబులు తప్పుంటే పెన్సిలుతో దిద్దిపెట్టేవారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే మాకేం తోచడం లేదు."

మేడం రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆవిడ భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు ఓడ మీద ఉంటాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే, అత్తా కోడలూ. అత్తగారు ముప్పై ఆరేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వయసు డెబ్భై ఆరు. సాయంత్రం నాలుగున్నరకి గ్రంథాలయానికి వెళ్లి ఆరింటికి రావడం ఆవిడకి ఊపిరి తీసుకోవడంతో సమానం. అలాంటిది మూడు వారాలుగా ఇల్లు కదలకపోతే, ఒకే కప్పు కింద ఉంటూ తను గమనించనే లేదు. సాయంత్రాలు తను ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. అత్తగారు అప్పటికి ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది.

ఆ రాత్రి అడిగితే అత్తగారు "మోకాలు నొప్పి" అని ఊరుకుంది. తెల్లారి మేడం స్నానం చేసి వచ్చేసరికి ఆ మోకాలు నొప్పి మనిషి ఎత్తుపీట మీద నిలబడి, కాలివేళ్ల మీద లేచి, అటక మీద పాత రేడియో కోసం తడుముతోంది.

"మోకాలు తగ్గినట్టుందే," అంది మేడం.

అత్తగారు పీట దిగింది. "ఎక్కేటప్పుడు నొప్పి ఉండదు."

"అత్తయ్యా, నిజం చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"డాక్టరేం చేస్తాడు. సైకిల్ షాపు మూల దగ్గర రోడ్డు దాటలేకపోతున్నాను."

మేడంకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఏ జబ్బో అనుకుని రాత్రంతా హడలిపోయింది పాపం. "అదా. ఆ కూడలి ఊరందరికీ తెలిసిన మంచి కూడలి అత్తయ్యా. రోజుకి పదహారు వేల బళ్లు. ఐదేళ్లలో రెండంటే రెండే ప్రమాదాలు. పది లక్షల బళ్లకి సున్నా పాయింట్ సున్నా ఏడు. దాని అవతలి కూడలిలో అన్నే బళ్లు, పంతొమ్మిది ప్రమాదాలు."

"అది షాపు ఉన్నప్పటి లెక్క."

"షాపు తీసేశారా? అయితే ఇంకా మెరుగవుతుంది. మూల ఖాళీ అయితే దూరం నుంచే అన్నీ కనిపిస్తాయి."

"కనిపిస్తాయి. నేను వాళ్లకి కనిపిస్తాను, వాళ్లు నాకు కనిపిస్తారు. కనిపిస్తూనే మీదికొస్తారు." అత్తగారు పీట మీద కూర్చుంది. "అదివరకు అక్కడ దాటాలంటే నాకు పద్నాలుగు అడుగులు. అవతల షాపు ముందు రోడ్డులోకి పరిచిన టైర్ల వరస చివర అందుకుంటే దాటేసినట్టే ఉండేది. ఇప్పుడు ఇరవై రెండు అడుగులు. మొదటి రోజు పదకొండో అడుగు దగ్గర వెనక్కి వచ్చేశాను. రెండో రోజు తొమ్మిదో అడుగు. మూడో రోజు బయల్దేరలేదు."

"కానీ ఈ మూడు వారాల్లో అక్కడ ఒక్క ప్రమాదం కూడా నమోదు కాలేదు."

"ఎలా అవుతుందే అమ్మాయ్, నేను ఇంట్లో కూర్చున్నానుగా. నాలాంటి వాళ్లందరూ ఇంట్లో కూర్చుంటే నీ అంకె ఇంకా బాగుంటుంది."

ముప్పై ఆరేళ్లు బడిపిల్లల తప్పులు పట్టిన గొంతు అది. "ఆ షాపు ఎవరు తీయించారో కనుక్కుంటాను," అంది మేడం.

"కనుక్కోనక్కర్లేదు. స్తంభానికి నోటీసు అంటించారు. కింద నీ సంతకం ఉంది."

అత్తగారు ఇక ఆ మాట పొడిగించలేదు. రేడియో దింపిపెట్టమని మాత్రం అడిగింది. మూడు వారాలు చెప్పకుండా ఉండి, అడిగితే మోకాలు నొప్పి అని అబద్ధమాడింది ఎందుకో మేడంకి అప్పుడు తెలిసింది, తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

ఆఫీసుకెళ్లగానే జాబితా తీసింది. పదిహేడో నంబరు. ఫోటోలో ఒక రేకు పెట్టె, గాలి పంపు, నీళ్ల తొట్టి, ఫుట్‌పాత్ అంచు నుంచి రోడ్డులోకి విల్లులా వంగి పరిచిన పాత టైర్లు. కింద తన సంతకం, వంకర్లతో సహా. దాని వెనకే ఇంకో కాగితం ఉంది. ఖాళీ అయిన ఆ మూలని ఇంకా చెక్కేసి, బళ్లు ఆగకుండా తిరిగిపోవడానికి ప్రత్యేకంగా దారి వేయాలని పెద్ద ఇంజినీరు అప్పటికే మంజూరు చేశాడు. కాంక్రీటు పని మొదలవడానికి పన్నెండు రోజులే ఉంది. కాంక్రీటు పడ్డాక ఎవరు ఎంత మొత్తుకున్నా మరో పదిహేనేళ్లు ఆ మూలని ముట్టుకునేవాడు ఉండడు. అంటే అత్తగారు ఇక గ్రంథాలయం మొహం చూడదు. ఆవిడ సంగతి సరే, ఏదో ఒక రోజు పదకొండో అడుగు దగ్గర వెనక్కి రాలేనివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. అది ఆలోచించేసరికి మేడంకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

"తాతా, టేపు తీయండి," అంది.

"ఏ కూడలమ్మా? ఎర్రవన్నీ అయిపోయాయిగా."

"ఎరుపు లేనిది."

టేపు తాత ఆవిడ వైపు వింతగా చూశాడు గానీ టేపు తీశాడు.

ఇద్దరూ ఆ మూల నిలబడి అరగంట చూశారు. ఎడంపక్క పెయింట్ల దుకాణం, కుడిపక్క పళ్లడాక్టరు బోర్డు, మధ్యలో విశాలంగా, శుభ్రంగా, ఇంజినీర్లు ముచ్చటపడేంత ఖాళీ. రోడ్డు మీద నూనె మరకలు ఒక వంపులో మిగిలి ఉన్నాయి. అదివరకు టైర్లు ఉన్న చోటది. మలుపు తిరిగే బళ్లలో ఒక్కటీ బ్రేకు తొక్కడం లేదు. వ్యానులూ కార్లూ వేగం తగ్గించకుండా మూలని రాసుకుంటూ వెళ్లిపోతున్నాయి. నడిచేవాళ్లు ఒక కాలు కిందికి దింపడం, వెనక్కి తీసుకోవడం, మళ్లీ దింపడం. తాత టేపు పరిచి కొలిచాడు. నూనె మరకల దగ్గర నుంచి అవతలి అంచుకి ఏడు మీటర్లు. ఫుట్‌పాత్ నుంచైతే పదకొండు.

"టైర్లున్నప్పుడు బండి ఇలా చుట్టూ తిరిగి రావాలి," అని తాత చేత్తో గాల్లో గీసి చూపించాడు. "అంటే మెల్లగా రాక చస్తాడా. ఇప్పుడు సర్రున కోసుకుపోతున్నాడు. మనం అడ్డం తీసేశామా, ఆసరా తీసేశామా అమ్మా?"

మేడం చదువులో ఈ పాఠం లేకపోలేదు. మూల వంపు ఎంత వెడల్పయితే మలుపు వేగం అంత పెరుగుతుందని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకుంది.

ఆ షాపు నడిపిన మనిషిని అందరూ సైకిల్ మామ అంటారు, ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తే రెండు సందుల అవతల, ఒక ఇంటి మెట్ల కింద దొరికాడు. నడుం వంచితే తప్ప లోపలికి వెళ్లలేని చోటు. అరవై ఏళ్ల మనిషి, సగం నెరిసిన మీసం, గోళ్లలో గ్రీజు. ఒక ప్లాస్టిక్ బకెట్లో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"రండి మేడం, రండి. ఇక్కడ కూడా ఏమన్నా అడ్డమొస్తోందా?" అన్నాడు.

మేడం మెట్ల కింద వంగి, ఉన్నదున్నట్టు చెప్పింది. నోటీసు మీద సంతకం తనదేనని కూడా చెప్పింది. ఆయన ట్యూబు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"మీరు ఆ టైర్లు అలా ఎందుకు పరిచారు మామా? అంత వంపుగా?"

"ఎందుకంటే ఏం చెప్పను. ఎనిమిదేళ్ల కిందట ఒక పాల వ్యాను మూల కోసుకుంటూ వచ్చి నా తొట్టికి తగిలింది. మర్నాడు టైర్లు జానెడు ముందుకి జరిపాను. అయినా వచ్చేవాళ్లు. ఇంకో జానెడు జరిపాను. అలా ఏడాదిపాటు జరుపుకుంటూ పోయాను."

"ఎక్కడ ఆపాలో ఎలా తెలిసింది?"

"తొట్టిలో నీళ్లు చూసుకునేవాణ్ణి. బండి విసురుగా తిరిగితే నీళ్లు వణుకుతాయి. వణకడం ఆగాక నేనూ ఆగాను."

"అంటే ఎనిమిదేళ్లుగా మీరు జనాన్ని కాపాడుతున్నారన్నమాట."

"లేనిపోనివి అంటగట్టకండి మేడం. నేను కాపాడుకున్నది నా తొట్టిని. మా నాన్న ఇచ్చిన ఇత్తడి తొట్టి. దాన్నే మీ లారీవాళ్లు పట్టుకెళ్లారు." ఇంతసేపూ లేని కోపం ఆ మాట దగ్గర బయటపడింది. చేతిలో ఉన్న ట్యూబుని బకెట్లోకి విసిరికొట్టాడు.

మర్నాడు పొద్దున్నే మేడం, తాత ఆ మూలలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. జరగని ప్రమాదాలకి పోలీసులు కాగితం రాయరు, ఆసుపత్రి చీటీ ఇవ్వదు. వాటిని కళ్లతోనే లెక్కపెట్టాలి. బండి గట్టిగా బ్రేకు వేసినా, పక్కకి తప్పుకున్నా, నడిచే మనిషి గబుక్కున వెనక్కి వచ్చినా ఒక గీత. పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు, మూడు రోజులు.

"డ్రైవరు తిడితే వేయాలా అమ్మా?" అని మొదటి గంటలోనే తాతకి అనుమానం వచ్చింది.

"బ్రేకు వేసి తిడితే వేయండి. బ్రేకు వేయకుండా తిడితే అది వాడి అలవాటు."

మూడు రోజులకి అరవై ఒక్క గీతలు వచ్చాయి. అందులో ఒకటి చూసినప్పుడు మేడం కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఒక గర్భవతి, ఆవిడ మోచేతికీ వ్యాను అద్దానికీ మధ్య బెత్తెడు కూడా లేదు. ఆవిడ అవతలికి చేరి, గోడ పట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. అక్కడ ఏమీ జరగలేదు. పట్టికలో ఆ కూడలికి ఆ రోజు కూడా సున్నానే. మేడం మళ్లీ కుర్చీలో కూర్చుని గీత గీసింది.

పెద్ద ఇంజినీరు గదిలోకి ఆవిడ రెండు కాగితాలతో వెళ్లింది. ఒకటి గీతల లెక్క. రెండోది తన చేత్తో రాసిన నాలుగు వాక్యాలు. పదిహేడో నంబరు స్థలాన్ని తను చూడకుండా సంతకం పెట్టింది, ఆ సంతకం పొరపాటు, మూలని వెడల్పు చేయడం ఆపాలి, అక్కడి ఫుట్‌పాత్‌ని రోడ్డులోకి పెంచి మలుపు ఇరుకు చేయాలి.

పెద్ద ఇంజినీరు మంచివాడే, కాకపోతే మొదలైన పని ఆగితే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "ఏంటి మేడం ఇది? ప్రమాదమే జరగని చోట ప్రమాదం ఉందంటారా? ఇరవై ఆరేళ్లుగా మీరే కదా అంకె చూపించకుండా ఎవర్నీ మాట్లాడనివ్వంది. మీ అంకె ఏమంటోంది?"

"బాగుందంటోంది సార్."

"మరి?"

"ఆ అంకె సైకిల్ మామది. నేను దాన్ని రోడ్డుదనుకున్నాను."

"ఇది ఫైల్లో పెడితే మీకు మెమో వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్. మెమో వచ్చినా పర్లేదు, కాంక్రీటు పడకూడదు."

ఆయన నాలుగు వాక్యాల కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తన తప్పు తనే రాసిచ్చిన ఉద్యోగిని తన సర్వీసులో చూడలేదని గొణిగాడు. ఇదేదో అంటువ్యాధిలా పాకితే ఆఫీసు నడవదని కూడా అన్నాడు. తర్వాత క్యాలెండరు వైపు చూశాడు. "పని మొదలవడానికి ఆరు రోజులుంది. ఆ టైర్లు మళ్లీ పెట్టించండి. మూడు రోజులు లెక్క తీయండి. అరవై ఒకటి సగానికి తగ్గకపోతే నేను కాంక్రీటు పోయించేస్తాను, మీరు మళ్లీ నా గదికి రాకూడదు."

సైకిల్ మామ ఒక్కటే షరతు పెట్టాడు. తొట్టి రావాలి. మేడం, తాత ఊరి చివర నగరపాలక యార్డుకి వెళ్లి, విరిగిన బల్లలూ తుప్పు పట్టిన బోర్డులూ తిరగేస్తూ మధ్యాహ్నమంతా వెతికారు. కాపలావాడు రసీదు లేనిదే వస్తువు ఇవ్వనని ఒంటికాలి మీద లేచాడు. వస్తువు దొరికితే కదా గొడవపడటానికి అని తాత వాణ్ణి కూడా వెతకడానికి దించాడు. చివరికి ఒక హోటలు బోర్డు కింద బోర్లాపడి కనిపించింది. అంచు సొట్టపోయింది గానీ చిల్లు పడలేదు. సైకిల్ మామ ఆ సొట్టని వేలితో తడిమాడు. బట్టతో ఒకటికి నాలుగుసార్లు తుడిచి, నీళ్లు పోసి, ఆ మూల పెట్టుకున్నాడు.

టైర్లు పరిచేటప్పుడు తాత టేపు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. సైకిల్ మామ ఆ టేపు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అడుగులు వేసుకుంటూ వెళ్లి, ఒక్కో టైరూ కాలితో నెట్టుకుంటూ వంపు తెచ్చాడు. అయ్యాక తాత కొలిస్తే, అవతలి అంచుకి ఏడు మీటర్లు, ఒక అంగుళం అటూ ఇటూ.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మేడం ఉండబట్టలేక, "అత్తయ్యా, టైర్లు పెట్టించాను. రేపు వచ్చి దాటి చూడండి," అంది.

"నీ లెక్క కోసమైతే నేను దాటను. మూడు రోజుల ముచ్చట కోసం అసలే దాటను. నాకు దాటాలనిపించినప్పుడు దాటుతాను."

మేడం చిన్నబుచ్చుకుంది గానీ, అది న్యాయమే అనిపించింది. నమ్మకం ఒకసారి పోగొట్టిన మనిషి తను. రమ్మని అడిగే హక్కు ఎక్కడిది?

మూడు రోజుల లెక్క తేలింది. అరవై ఒకటి తొమ్మిదైంది. మొదట తాతే నమ్మలేదు. గీతలు వేయడం మర్చిపోయానేమోనని మూడో రోజు రెండు చేతులా రెండు పెన్నులు పట్టుకుని కూర్చున్నాడు. అవే బళ్లు, అదే జనం. వ్యాను టైర్ల దగ్గరికి వచ్చేసరికి దాని ముక్కు కిందికి వంగేది, బ్రేకు పడిందని తెలిసేది. అంతే.

పెద్ద ఇంజినీరు కాగితం చూసి ఊరుకోలేదు, కారులో వచ్చి దిగాడు. మలుపు దగ్గర పావుగంట నిలబడ్డాడు. ఇవతల నుంచి అవతలికి దాటాడు, అవతల నుంచి ఇవతలికి దాటాడు. టైరు వరస చివర ఆగి, సైకిల్ మామని "ఇక్కడిదాకానేనా?" అని అడిగాడు. ఆయన తొట్టిలోకి తొంగిచూసి, "ఇక్కడిదాకానే," అన్నాడు. అదే గీతని అక్కడికక్కడే సుద్దతో గీయించి, ఆ గీత ప్రకారం ఫుట్‌పాత్ పెంచమని పెద్ద ఇంజినీరు ఉత్తర్వు రాశాడు. మేడంకి మెమో కూడా రాశాడు, అది వేరే సంగతి. పెరిగిన ఫుట్‌పాత్ మీద, నడిచేవాళ్లకి అడ్డం రాకుండా గోడవారగా సైకిల్ మామకి ఒక చోటు గీసిచ్చారు. ఆయన దానికి సంతోషించినట్టు కనపడలేదు గానీ మర్నాడే రేకు పెట్టె తెచ్చి పెట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి పని పూర్తయింది. పూర్తయిన పనికి మళ్లీ లెక్క తీయాలి కాబట్టి మేడం, తాత అవే ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఈసారి ఇంకో గడి కూడా కలిపింది మేడం, నడిచి దాటినవాళ్లకి. ఎంతమంది దెబ్బతినలేదు అన్నది ఒక్కటే తెలిస్తే సరిపోదని, ఎంతమంది ధైర్యంగా బయటికి వచ్చారో కూడా తెలియాలని ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. ఇకమీదట నూట పన్నెండు కూడళ్లకీ ఆ గడి ఉండాలని, సిరా పడని కూడళ్లని కూడా ఏడాదికోసారి వెళ్లి చూడాలని రాసి పెద్ద ఇంజినీరుకి పంపింది. ఆయన తల పట్టుకుని ఒప్పుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం. తాత బళ్లు చూస్తున్నాడు, మేడం మనుషుల్ని చూస్తోంది. ఇద్దరు నర్సులు దాటారు. బడిసంచులతో నలుగురు పిల్లలు దాటారు. నాలుగూ ముప్పై అయిదుకి అవతలి ఫుట్‌పాత్ మీద, చంకలో రెండు పుస్తకాలతో అత్తగారు వచ్చి నిలబడింది.

మేడం లేవబోయింది. మళ్లీ కూర్చుంది. లేచి ఎదురెళ్తే చెయ్యి పట్టుకుని దాటించినట్టవుతుంది. అత్తగారు అటూ ఇటూ చూసింది. ఒక కాలు కిందికి దింపింది. మలుపు దగ్గరికి ఒక వ్యాను వచ్చింది. వ్యాను ముక్కు వంచి, మెల్లగా తిరిగి, ఆగింది. అత్తగారు నడిచింది. పెదవులు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెట్టుకుంటోంది. తొమ్మిదో అడుగూ దాటింది, పదకొండో అడుగూ దాటింది. ఎక్కడా ఆగలేదు. ఇవతలి ఫుట్‌పాత్ ఎక్కి, చెదిరిన పుస్తకాలు సర్దుకుంది. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆవిడ దాచుకోలేదు కూడా. కాగితం మీద అందరికీ గీసినట్టే ఒక గీత గీసింది.

అత్తగారు తిన్నగా కుర్చీల దగ్గరికి వచ్చి, వంగి, కాగితంలోకి తొంగిచూసింది.

"నన్ను ఎన్నో మనిషిగా వేశావు?"

"నలభై రెండు, అత్తయ్యా."

"నలభై మూడు. నా ముందు చీపుర్లమ్మే ఆవిడ దాటింది. నువ్వు నన్నే చూస్తూ ఆవిణ్ణి వదిలేశావు."

ఆ మాట అని, గ్రంథాలయం వైపు తిరిగి ఆవిడ దారిన ఆవిడ వెళ్లిపోయింది. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంకో గీత గీసింది.